బేబి వంతుకు చిన్నమ్మలు

రండి, ఇలా దగ్గరికి జరగండి. గోడకు ఆనుకున్నవాళ్ళు గోడనొదిలేయండి, మీరు పట్టుకోకపోయినా అది పడదు. ఆ సెల్లులో పాట ఆపు నాయనా, పాట రేపైనా ఉంటుంది. వెనక గుసగుసలు చాలించండి. అంత గొప్ప సంగతి ఎవరి దగ్గరైనా ఉంటే ముందుకొచ్చి చెప్పండి, నేనే కూర్చుని వింటాను. లేదు కదా? అయితే వినండి.

ఆ ఏడు కాఫీ పండినట్టు ఎన్నడూ పండలేదు. పనసగుడ కొండ ఎంత ఎర్రబడిందంటే, అరకు రైల్లో పోయేవాళ్ళు అడవి అంటుకుందనుకుని చైను లాగబోయారట. చలి కూడా తక్కువ తినలేదు. కోడిపుంజు కూయడానికి నోరు తెరిచి, ఎందుకొచ్చిన గొడవ అనుకుని మళ్ళీ మూసేసుకునేది. ఊరంతా వంతు పనిలో ఉంది. ఇవాళ సోంబరు తోటలో అందరూ కలిసి పళ్ళు కోస్తే, ఇంకో రోజు ఈశ్వరమ్మ తోటలో కోస్తారు. ఇంటికో మనిషి రావాలి, అదొక్కటే కట్టుబాటు. వచ్చింది మొగుడా, పెళ్ళామా, చుట్టపుచూపుకొచ్చిన మేనమామా అని ఎవరూ అడగరు. వచ్చిందా, కోసిందా, వంతు తీరిందా. అంతే.

సోమవారం పొద్దున్నే ఈశ్వరమ్మ చిన్నకూతురు బేబికి చలిజ్వరం ముంచుకొచ్చింది. ఊళ్ళో ఆశా కార్యకర్త వచ్చి, వేలు గుచ్చి రక్తం చూసి, మలేరియా అని చీటీ రాసి, మాత్రలిచ్చి వెళ్ళింది. బేబి కంబళి కింద వణుకుతూ ఏడుపు మొదలెట్టింది. జ్వరానికి కాదు, కాలేజీకి. ఆ పిల్ల లోయలోని డిగ్రీ కాలేజీలో చదువుతోంది. కాలేజీ పేరు మనకెందుకు, కోర్సు పేరు చెబుతాను, నోరు తిరిగినవాళ్ళు పలకండి: కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్.

"ఈ వారం నుంచి ఫోన్లోనేనంట హాజరు. తక్కువైతే హాల్ టికెట్ ఇవ్వరంట. ఇప్పటికే తోటపనికి శానా రోజులు మానీసినానమ్మా. పరీచ్చ పోతాది," అంది బేబి.

ఈశ్వరమ్మ చోడంబలి కలుపుతున్న గరిటె ఆపలేదు. "ఏటికా ఏడుపు? ఆలకి మన ఇంటి మనిసి కావాల. అప్ప ఎల్తాది."

"అప్పెల్తే ఎలాగే? అది సదువు."

"సదువైతే ఏటి? మనిసి కావాలా వొద్దా?"

బేబి ఎలా చెప్పాలో వెతుక్కునేలోగా చలి మరో విడత వచ్చింది. పళ్ళు టకటకలాడి ఆ చెప్పబోయేదంతా నోట్లోనే ముక్కలైపోయింది. తల్లి ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది, తలతో సహా.

అప్ప అంటే అక్క, పెద్దకూతురు చిన్నమ్మలు. ఆమె అప్పటికే నడుముకు గోనెసంచి కట్టుకుని తోటకు బయల్దేరుతోంది. పదో తరగతి పాసై, ఆపైన ఇంటిపనిలో పడిపోయిన పిల్ల. తల్లి వచ్చి ఆ సంచి ముడి తనే విప్పేసింది. బేబి చున్నీ ఒకటి భుజాన వేసి, మెళ్ళో కాలేజీ కార్డు తగిలించింది. అందులో ఫోటో ఎంత మసకగా ఉందంటే అది ఎవరిదైనా కావచ్చు, జీపు డ్రైవరుదైనా సరే.

"నానేటి సెయ్యాలే అక్కడ?" అంది చిన్నమ్మలు.

"ఏటి సెయ్యమంటే అది సెయ్యి. సోంబరు తోటకెల్లినప్పుడు ముందే సెప్పించుకుని ఎల్లినావేటి? బేగి ఎల్లు, జీపు ఎల్లిపోతాది."

అదీ నిజమే అనిపించింది చిన్నమ్మలుకి. ఆ జీపులో ఎంతమంది ఎక్కారంటే, అది మలుపు తిరిగేటప్పుడు డ్రైవరు కూడా బయట వేలాడుతూనే తిప్పాడు.

క్లాసులో ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం పక్క బెంచీ చివర కూర్చుంది. పొరుగింటి మల్లేశు కొడుకు రవిబాబు అదే క్లాసు. "బేబికి జొరమా అప్పా?" అన్నాడు. అవునంది. ఆ మాట బెంచీల మీదుగా చివరిదాకా పాకింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. అందరివీ వంతుపని ఊళ్ళే.

అనుకోవలసిన మనిషి ఒక్కతే, ఆమెకు తెలియదు. క్రిస్టినా మేడమ్ మైదాన ప్రాంతం నుంచి ఆ రోజే ఉద్యోగంలోకి వచ్చింది. ఏడాదికో కాగితం మీద బతికే గెస్టు లెక్చరరు. చేతిలో కొత్త యాప్ ఉన్న ఫోను, ముఖాన ఆ యాప్ గురించి భయం.

"ఒక్కొక్కరే లేచి ఫోనులోకి చూడండి. మీ ముఖం దానికి ఒకసారి తెలిస్తే, ఇక రోజూ అదే గుర్తుపడుతుంది," అని పేర్లు పిలుస్తూ పోయింది. "బేబి."

చిన్నమ్మలు కదల్లేదు. రవిబాబు వెనకనుంచి పెన్నుతో పొడిచాడు. "నిన్నే అప్పా, మీ సెల్లి పేరు సదివీసినారు."

లేచి నిలబడింది. మేడమ్ ఫోను ముఖం ముందు పెట్టింది. "కళ్ళార్పు. తల కొంచెం ఇటు. చాలు." ఫోను ఆకుపచ్చగా వెలిగింది. తోటలో తూకానికి గంప దించినంత తేలిగ్గా ఉంది. పని అయిపోయిందేమో, ఇంటికెళ్ళొచ్చేమో అనుకుని చిన్నమ్మలు గుమ్మం వైపు చూసింది. కాలేదు. అప్పుడు మొదలైంది అసలు పని.

మేడమ్ బోర్డు మీద మూడు గడులు గీసింది. "ఇటు నుంచి డేటా లోపలికి వెళ్తుంది. మధ్యలో ప్రాసెసింగ్ జరుగుతుంది. అటు నుంచి ఇన్ఫర్మేషన్ బయటకొస్తుంది."

చిన్నమ్మలుకి ఇది తోటలో కాఫీపళ్ళ తొక్క తీసే యంత్రంలాగే కనబడింది. ఒకవైపు ఎర్రపళ్ళు పోస్తాం, పిడి తిప్పుతాం, ఇంకోవైపు జిగురు గింజలు పడతాయి. ఒక్కటే అర్థం కాలేదు. లేచి అడిగింది.

"తొక్క ఎటెల్తాదండి?"

"ఏ తొక్క?"

"గింజ ఇటొచ్చేసినాది కదండి. మరి తొక్క?"

మేడమ్ బోర్డు వైపు చూసింది, పిల్లల వైపు చూసింది. "ఇందులో తొక్క ఉండదమ్మా."

చిన్నమ్మలు కూర్చుంది కానీ నమ్మలేదు. తొక్క లేని పండు ఎక్కడైనా ఉంటుందా?

మధ్యాహ్నం కంప్యూటర్ గదిలోకి తీసుకెళ్ళారు. చెప్పులు బయట విడవమన్నారు. అందుకని లోపల దేవత ఉందేమోనని చిన్నమ్మలు తలమీద చున్నీ కప్పుకుంది. కరెంటు పోయింది, వచ్చింది, బల్ల కింద పెట్టె ఒకటి తల్లి తప్పిన కోడిపిల్లలాగా కీచుమంది. మేడమ్ తెరమీద గళ్ళ పట్టిక చూపించింది. "ఒక మనిషికి ఒకే వరుస, ఒకే నంబరు. ఒకరి వరుసలో ఇంకొకరు రాకూడదు."

"మరి జొరమొస్తే ఎలాగండి?"

"ఎవరికి?"

"ఆ వరసలో మనిసికి."

"వరసకి జ్వరం రాదమ్మా."

"వరసకి కాదండి, మనిసికి."

మేడమ్ చేతిలోని కాగితం తిరగేసి చూసి, "అది సిలబస్‌లో లేదు," అంది.

ఇంటికొచ్చేసరికి చిన్నమ్మలు తల పులిసిన పిండిలా పొంగిపోయి ఉంది. బేబి మంచం పక్కన కూర్చుని, ఏమేం జరిగిందో చెప్పింది. బేబి జ్వరంలో సగం వింది, మిగతా సగం కలలో వింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. రెండో రోజుకల్లా తన కుర్చీ ఏదో తెలిసింది. మూడో రోజు పట్టికలో పేర్లు తనే ఎక్కించింది, ఒక్క వేలితో, చేటలో రాయి ఏరినట్టు ఒక్కో అక్షరం ఏరుకుంటూ. తెరమీద చిన్న గీత ఒకటి ఆరిపోతూ వెలుగుతూ ఉండేది. తను ఆగితే అదీ ఆగి ఎదురుచూసేది. ఎదురుచూసేవాళ్ళు ఎవరైనా ఉంటే మనిషికి బాగుంటుంది కదా. ఆ సంగతి చిన్నమ్మలు ఇంట్లో చెప్పలేదు.

అక్కడ తోటలో వాళ్ళ పళ్ళు చెట్టునే నల్లబడి రాలుతున్నాయి. వాళ్ళ తోటకు వంతు శనివారానికి గానీ రాదు. ఈలోగా ఈశ్వరమ్మ ఇంటి తరఫున ఊరి వంతులకే పోవాల్సొచ్చింది. సొంత తోట చూసుకునే చేతులు కాలేజీలో ఉన్నాయి.

గురువారం బేబి లేచింది. కాళ్ళలో ఇంకా సత్తువ లేదు. జీపులో తూలిపోకుండా చిన్నమ్మలు తోడెళ్ళి, క్లాసు గుమ్మం దగ్గర సంచి అందించి నిలబడింది.

"బేబి," పిలిచింది మేడమ్. బేబి లేచింది. ఫోను ఎర్రగా వెలిగింది.

"నువ్వెవరమ్మా?"

"బేబినండి."

"ఇది కాదంటోందే."

"బేబేనండి," అన్నారు క్లాసంతా.

"మరి నిన్నటిదాకా వచ్చింది ఎవరు?"

రవిబాబు లేచాడు. "ఆ అప్ప బేబి వొంతుకొచ్చింది మేడమ్. జొరం కదా."

"వంతేమిటి?"

అందరూ ఒక్కసారే చెప్పారు. ఒకడు కాఫీ కోత గురించి చెప్పాడు, ఒకతె ఇల్లు కప్పడం గురించి చెప్పింది, ఇంకొకడు వాళ్ళ తాత పెళ్ళిలో జరిగిన కొట్లాట దాకా వెళ్ళిపోయాడు. వినేకొద్దీ మేడమ్‌కి అర్థమవుతున్నది తగ్గిపోయింది. అప్పుడు గుమ్మంలో చిన్నమ్మలు కనబడింది. చేతిలో ఫోను ఊరికే అటు తిరిగింది. వెంటనే ఆకుపచ్చగా వెలిగింది.

మేడమ్ కుర్చీలో కూలబడింది. "అయ్యో. నా ఉద్యోగం పోయింది," అంది, ఎవరితోనూ కాదు.

ఇంత చిన్న ఫోను ఒక మనిషిని అంతలా భయపెట్టడం చిన్నమ్మలు మొదటిసారి చూసింది. తన ముఖంలో ఏదో తప్పుందేమోనని చున్నీతో తుడుచుకుంది కూడా.

మర్నాడు అందరినీ ప్రిన్సిపాల్ గదికి రమ్మన్నారు. ఈశ్వరమ్మ తోటపని ఆపుకుని, కోతచీరతోనే వచ్చింది. ప్రిన్సిపాల్ ఎలీయేజరు సారు పెద్ద మనిషి. అతను కూర్చుంటే కుర్చీ కనబడేది కాదు, సారు గాల్లో ఆగినట్టుండేది. ఆ కొండల్లోని మిషను చర్చి ఊళ్ళో పుట్టినవాడు. చిన్నప్పుడు తనూ వంతులకు వెళ్ళినవాడే. బల్లమీద ఫోను నిలబెట్టి పై ఆఫీసు సారుకు వీడియో కలిపాడు. నెత్తి సగం, వెనక ఫ్యాను మాత్రమే కనబడుతున్నాయి.

"ఎవరు బేబి?" అంది ఆ నెత్తి.

బేబి చెయ్యెత్తింది.

"సిస్టమ్ ప్రకారం నువ్వు కాదు. పక్కన ఉన్న అమ్మాయి బేబి."

"నాను బేబిని కాదండి. చిన్నమ్మలుని," అంది చిన్నమ్మలు.

"ఆ పేరు మా దగ్గర లేదు."

"నా దగ్గరుందండి."

"సిస్టమ్ నిన్ను బేబి అంటోంది, నువ్వు కాదంటున్నావు. అబద్ధం ఎవరిది?"

చిన్నమ్మలు నిజంగానే ఆలోచించింది. ఆ ఫోను తనకేమీ కీడు చెయ్యలేదు. దానిమీద చాడీ చెప్పడం ఇష్టంలేకపోయింది. "ఇద్దరిదీ కాదండి. నన్ను ఎవులూ అడగనేదు, దాన్నీ ఎవులూ అడిగుండరు."

క్రిస్టినా మేడమ్ బల్ల దగ్గరికి జరిగింది. "నేనే అడగలేదు సార్. పేరు పిలిచాను, లేచింది, ముఖం ఎక్కించాను. పొరపాటు నాది."

ఎలీయేజరు సారు ఆమెవైపు చూశాడు. ఆమె బల్ల అంచు పట్టుకుని ఉంది.

పై సారు చాలాసేపు మాట్లాడాడు. వాళ్ళకు అర్థమైంది తక్కువ. ఎలీయేజరు సారు ఫోనుకు మాట వినబడకుండా మీట నొక్కి, ఇటు తిరిగి విడమరిచి చెప్పాడు. "దారులు రెండున్నాయి ఈశ్వరమ్మా. చిన్నమ్మలు వచ్చిందని రాస్తే, ఒకరి బదులు ఒకరొచ్చిన కేసవుతుంది. బేబిని పరీక్ష రాయనివ్వరు. రాలేదని రాస్తే, కొత్త ఫోనులో ముఖం పొరపాటున ఎక్కిందంటారు, తీసేస్తారు. అప్పుడు బేబి ఆ రోజులు రానట్టు. మలేరియా చీటీ ఉంది కాబట్టి ఆ లోటు మాఫీ చేస్తారు, పరీక్ష రాస్తుంది."

"వొచ్చిన మనిసిని రానేదని ఎలాగంటారండి?" అంది ఈశ్వరమ్మ. "పది మందిలో కూకున్నాది. ఈ పిల్ల గుంటల్ని అడగండి. మనిసొస్తే తప్పు, రాకపోతే మాఫీయా? ఇదెక్కడి సదువండి?"

"నాకూ తెలీదమ్మా," అన్నాడు సారు. "నేను ప్రిన్సిపాల్ని మాత్రమే."

బేబి అక్క వైపు చూడలేకపోయింది. నేలచూపులు చూస్తూ కార్డు తాడును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. చిన్నమ్మలుకు కంప్యూటర్ గదిలోని తన కుర్చీ గుర్తొచ్చింది. ఎక్కించిన పేర్లు గుర్తొచ్చాయి. రాలేదంటే ఆ పేర్లు ఎవరు ఎక్కించినట్టు? వరుసకు జ్వరం రాదంది మేడమ్. మరి వరుసలోంచి మనిషిని ఇలా ఏరేస్తారా? ఎంత ఆలోచించినా మొదలూ చివరా కనబడలేదు. కనబడింది ఒక్కటే, చెల్లెలి వేలికి బిగిసిన తాడు.

"మాట్లాడించండి సార్," అంది.

సారు మీట నొక్కాడు. చిన్నమ్మలు ఫోను దగ్గరికి వంగింది. "నాను రానేదండి," అంది.

"వెరీ గుడ్," అంది నెత్తి. అక్కడ ఏదో నొక్కారు. క్రిస్టినా మేడమ్ తన ఫోను చిన్నమ్మలు వైపు తిప్పింది. ఎర్రగా వెలిగింది. బేబిని నిలబెట్టి కళ్ళార్పమంది. ఆకుపచ్చ. మేడమ్ ఊపిరి వదిలిన చప్పుడు వరండాలోని వాళ్ళకు కూడా వినబడింది. పై సారు ఆమెను ఇకమీద జాగ్రత్తగా ఉండమని, ఫ్యానుతో సహా మాయమైపోయాడు.

మేడమ్ తప్ప అందరూ బయటికి నడిచారు. చిన్నమ్మలు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"సారూ, నాను రానేదు కదండి."

"రాలేదమ్మా."

"మరి ఆ రోజులు నాను ఎక్కడున్నట్టండి?"

ఎలీయేజరు సారు కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు.

"ఇక్కడికి రాకపోతే తోటలో ఉండాల. తోటలో ఉంటే పల్లు కోసుండాల. కోసిన పల్లు నేవు, మా సెట్ల కింద రాలిపోయినాయి. నానొచ్చినట్టుంటే అడగను, సెల్లి వొంతు అయిపోద్ది. రానేదన్నారు. ఆ రోజులు ఎవులికాడున్నాయో ఆలు తిరిగిచ్చీయాల కదండి."

క్రిస్టినా మేడమ్ సారు వైపు చూసింది. "ఏమడుగుతోంది సార్? డబ్బులా?"

"ఆ మాట ఎత్తకండి, ఊళ్ళో అడుగు పెట్టనివ్వరు." సారు రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడో, ఇంకేదైనా ఆపుకుంటున్నాడో తెలియలేదు. "న్యాయంగానే అడిగింది మేడమ్. ఇక్కడ మనిషికి మనిషే. కాలేజీ వాళ్ళింటికి బాకీ పడింది, వెళ్ళి వాళ్ళ తోటలో కోసి తీర్చాలి."

"కాలేజీ ఎలా వెళ్తుంది సార్?"

"కాలేజీ వెళ్ళలేదు. నాకు మోకాళ్ళు లేవు," అని సారు ఆమె బూట్ల వైపు చూశాడు.

ఆ శనివారం సెలవు. పనసగుడ దారిలో మంచు ఇంకా విడవకముందే జీపు ఆగింది, క్రిస్టినా మేడమ్ దిగింది. టోపీ, చేతులకు తొడుగులు, వీపున నీళ్ళ సీసా. బేబి ఎదురెళ్ళి తమ తోటలోకి తీసుకొచ్చింది. అప్పటికే అందరూ కోతలో ఉన్నారు. సోంబరు పెళ్ళాం తలెత్తి ఒకసారి చూసి, ఒక చెట్టు పక్కకు జరిగి చోటిచ్చింది. మీరెవరు అనలేదు, ఎందుకొచ్చారు అనలేదు.

చిన్నమ్మలు ఆమె నడుముకు గోనెసంచి కట్టింది. మేడమ్ చెట్టు వైపు చూసింది. ఒకే గుత్తిలో ఎరుపు, పసుపు, పచ్చ, నలుపు. ఏది కోయాలో, ఏది వదలాలో తెలియక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎర్రదే ముట్టుకోండి. నొక్కితే మెత్తగుండాల. లాగకండి, తిప్పండి. కాడ సెట్టుకే ఉండాల, వొచ్చే ఏడు అక్కడే కాస్తాది."

మేడమ్ తిప్పింది. పండుతోపాటు కాడ వచ్చింది, కాడతోపాటు రెండు ఆకులు, ఒక ఎర్రచీమ కూడా వచ్చాయి. కాసేపటికి తొడుగులు తీసి జేబులో పెట్టుకుంది. పచ్చికాయలు సంచిలో పడుతుంటే ఈశ్వరమ్మ పక్క చెట్టు నుంచే కసిరింది. "ఆ కాయేటి పాపం సేసినాది మేడమ్‌గారూ? ఇంకా కల్లు తెరవనేదు." అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, ఆ పచ్చికాయను ఎక్కడ దాచాలో తెలియక మళ్ళీ చెట్టుకే పెట్టబోయింది.

ఎండ చెట్ల సందుల్లోంచి దిగింది. సంచి అడుగు నిండేసరికి మేడమ్ నడుము పట్టేసింది. సిల్వరోకు మానుకు ఆనుకుని, నీళ్ళు తాగి, చుట్టూ చూసింది.

"చిన్నమ్మలూ, నా పేరు ఎవరూ రాసుకోరా?"

"ఎందుకండి?"

"నేనొచ్చినట్టు ఎలా తెలుస్తుంది మరి?"

చిన్నమ్మలు చేతిలో కొమ్మ వంచి పట్టుకునే ఆమెవైపు తిరిగింది. అడిగినదానిలో ఏముందో కాసేపు వెతికింది. తొక్కా కనబడలేదు, గింజా కనబడలేదు.

"సూత్తన్నాం కదండి," అంది.

మేడమ్ నీళ్ళ సీసా మూత బిగించింది. ఆ కొమ్మ రెండో చివర తను పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా కోయడం మొదలెట్టారు, ఒకరు బేగి, ఒకరు మెల్లగా.

పై దారిన మేకలు తోలుకుపోతున్న సోములు తాత ఆగాడు. ఆ టోపీని, ఆ బూట్లను, చెట్టులో తల దూర్చేసిన ఆ మనిషిని చాలాసేపు చూశాడు. తర్వాత ఈశ్వరమ్మను కేకేశాడు.

"ఒలే ఈశ్వరమ్మా, పట్నపోల్లు కాఫీ తాగడానికి సెట్టుకాడికే వొచ్చీసినారేటి? పాలకి సాయంత్రం దాకా ఆగమను, నా మేక ఇప్పుడియ్యదు."